వైరస్ అదుపులో ఉన్నా గుండెకు ముప్పెందుకు? హెచ్‌ఐవీ, రక్తనాళాల జబ్బులు, వలస బతుకులు

సూరత్‌లో తాపీ నదికి ఉత్తరాన, అమ్రోలీని ఆనుకుని కోసాడ్ ఉంది. ముంబయి నుంచి అహ్మదాబాద్ వెళ్లే రైలు మార్గంలో ఉత్రాణ్ దాటగానే వచ్చే చిన్న స్టేషన్ పేరు కూడా అదే. నగరపాలక సంస్థ పేదల కోసం కట్టిన పెద్ద ఇళ్ల సముదాయం ‘కోసాడ్ ఆవాస్’ ఇక్కడిదే. మరమగ్గాల పని మీద సూరత్ చేరిన వలస కుటుంబాల్లో ఒడియా వారు ఈ అమ్రోలీ, కోసాడ్ వైపు ఎక్కువ. తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో ఎక్కువగా స్థిరపడ్డాయి. ఒడియా కార్మికుల్లో అత్యధికులది గంజాం జిల్లా. బరంపురం ఉన్న ఆ జిల్లాలో తెలుగు మాట్లాడే వాళ్లూ తక్కువేమీ కాదు.

గంజాంకూ సూరత్‌కూ మధ్య నడిచే వలస దారి హెచ్‌ఐవీ నియంత్రణలో పనిచేసేవారికి బాగా తెలిసినదే. ఒడిశాలో అత్యధిక హెచ్‌ఐవీ కేసులు గంజాంలోనే నమోదయ్యాయి. అందుకే రెండు దశాబ్దాలుగా ప్రచారమంతా సోకకుండా చూడటం, సోకితే మందు మొదలుపెట్టించడం చుట్టూ తిరిగింది. అది చాలావరకు ఫలించింది. ఫలించింది కాబట్టే ఇప్పుడు మరో ప్రశ్న ముందుకొచ్చింది. పాతికేళ్ల వయసులో వైరస్ సోకి, ముప్పై దాటాక మందు మొదలుపెట్టి, ఇప్పుడు యాభైకి చేరుకున్న మనిషికి రేపటి ముప్పు ఏమిటి? చాలామంది విషయంలో ఆ ముప్పు ఎయిడ్స్ కాదు. గుండెపోటు, పక్షవాతం, గుండె వైఫల్యం.

ఇరవై ఏళ్లలో మారిన జబ్బు

భారతదేశంలో హెచ్‌ఐవీ మొదటిసారి 1986లో చెన్నైలో బయటపడింది. డాక్టర్ సునీతి సాలమన్ మార్గదర్శకత్వంలో నిర్మల అనే విద్యార్థిని సేకరించిన రక్త నమూనాల్లో అది కనిపించింది. ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. తొలి ఏళ్లలో సీడీ4 కణాల సంఖ్య బాగా పడిపోయిన వారికే మందు దొరికేది. 2017 నుంచి పరీక్షలో పాజిటివ్ వస్తే చాలు, కణాల లెక్కతో పని లేకుండా మందు మొదలుపెడుతున్నారు.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనాల ప్రకారం దేశంలో సుమారు 24 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. మహారాష్ట్రలో 3.94 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 3.21 లక్షలు, కర్ణాటకలో 2.76 లక్షలు. వయోజనుల్లో హెచ్‌ఐవీ ఉన్నవారి శాతం ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. ఈశాన్యంలోని మిజోరం, నాగాలాండ్, మణిపుర్‌లను పక్కన పెడితే దేశంలో ఇవే అత్యధికం. అంటే ఇది తెలుగు కుటుంబాలకు దూరపు వార్త కాదు.

మందులు లేని రోజుల్లో హెచ్‌ఐవీ ఉన్నవారి గుండెను దెబ్బతీసినవి వేరు. క్షయ వల్ల గుండె పొర చుట్టూ నీరు చేరడం, గుండె కండరం సాగి బలహీనపడటం, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరగడం ఎక్కువగా కనిపించేవి. ఆలస్యంగా ఆసుపత్రికి చేరేవారిలో ఇవి నేటికీ ఉన్నాయి. మందు క్రమంగా వాడేవారిలో మాత్రం ప్రధాన సమస్య మనందరికీ తెలిసినదే: ధమనుల గోడల్లో కొవ్వు పేరుకోవడం, ఆ పూడిక పగిలి రక్తం గడ్డకట్టడం.

ముప్పు ఎంత?

2018లో సర్క్యులేషన్ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ అనేక దేశాల సమాచారాన్ని ఒకచోట చేర్చింది. హెచ్‌ఐవీ ఉన్నవారికి గుండె, రక్తనాళాల జబ్బు వచ్చే అవకాశం లేనివారితో పోలిస్తే రెండు రెట్లకు పైనే అని తేల్చింది. హెచ్‌ఐవీ కారణంగా ప్రపంచం మోస్తున్న ఈ జబ్బుల భారం రెండు దశాబ్దాల్లో మూడింతలైందనీ, అందులో పెద్ద వాటా ఆఫ్రికాలోని సహారా దిగువ దేశాలది, ఆసియా పసిఫిక్ దేశాలది అనీ చెప్పింది. అంతకుముందు 2013లో అమెరికా మాజీ సైనికుల మీద వచ్చిన అధ్యయనం పొగతాగడం, రక్తపోటు, మధుమేహం వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా హెచ్‌ఐవీ ఉన్నవారిలో గుండెపోట్లు దాదాపు 50 శాతం ఎక్కువని చూపించింది. కేవలం అలవాట్ల వల్ల వచ్చిన తేడా ఇది కాదని దీని అర్థం.

దీనికి దక్షిణాసియా వాసుల సొంత బలహీనత తోడవుతుంది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో తొలి గుండెపోటు వచ్చిన మధ్యస్థ వయసు మన ప్రాంతంలో 53 ఏళ్లు, మిగతా దేశాల్లో దాదాపు 59 ఏళ్లు. ఆరేళ్ల ముందే వచ్చే జబ్బు మీద హెచ్‌ఐవీ తన వాటా కలుపుతుంది. వయసు, రక్తపోటు, కొలెస్ట్రాల్ చూసి పదేళ్ల ముప్పును లెక్కగట్టే పట్టికల్లో ఎక్కువ భాగానికి హెచ్‌ఐవీ అనే గడే లేదు. పట్టికలో పచ్చరంగు గడిలో పడ్డాడని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు.

లోపల చల్లారని నిప్పు

రక్తంలో వైరస్ కనిపించనంత తగ్గిపోయినప్పుడు గుండెకు ముప్పు ఎందుకు మిగలాలి? జవాబు పేగుల దగ్గర మొదలవుతుంది. శరీరంలోని సీడీ4 కణాల్లో పెద్ద భాగం పేగు గోడల్లో ఉంటాయి. వైరస్ సోకిన మొదటి వారాల్లోనే వాటిని భారీగా నాశనం చేస్తుంది. మందు మొదలుపెట్టాక రక్తంలో సీడీ4 లెక్క కోలుకున్నా, పేగు గోడ పూర్తిగా మునుపటిలా కాదు. సందుల్లోంచి బ్యాక్టీరియా తునకలు రక్తంలోకి జారుతుంటాయి. వాటిని చూసి రోగనిరోధక వ్యవస్థ నిరంతరం మేల్కొనే ఉంటుంది.

ఈ స్థితిని వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. తెలుగులో దీన్ని ‘వాపు’ అనేయడం మామూలే గానీ ఇక్కడ ఆ మాట తప్పుదారి పట్టిస్తుంది. పైకి ఏమీ వాచదు, నొప్పి ఉండదు. కుంపట్లో బూడిద కింద నిప్పులా ఏళ్ల తరబడి రాజుకుంటూ ఉంటుంది. ఉద్రేకపడిన తెల్లకణాలు ధమని గోడలోకి చొరబడి అక్కడి కొవ్వును మింగి పూడికగా మారతాయి. హెచ్‌ఐవీ ఉన్నవారిలో ఇలా ఏర్పడే పూడికల్లో సున్నం పట్టని మెత్తటి రకం ఎక్కువగా కనిపిస్తుంది. అది సులువుగా పగిలే రకం. గుండెజబ్బు లక్షణాలు ఏవీ లేని, ముప్పు తక్కువని లెక్కతేలిన అమెరికా రోగులకు సీటీ స్కాన్ తీసి చూస్తే దాదాపు సగం మంది గుండె ధమనుల్లో అప్పటికే పూడిక కనిపించింది.

చికిత్స మొదలయ్యే నాటికి సీడీ4 ఎంతగా పడిపోయి ఉంటే ఆ మచ్చ అంతగా మిగులుతుంది. 2017కు ముందు, కణాల లెక్క పడిపోయే దాకా ఎదురుచూసి మందు మొదలుపెట్టిన తరం ఇప్పుడు నలభైల్లో, యాభైల్లో ఉంది.

మందు ఆగిన రోజులు

వలస కార్మికుడికి అందరికంటే ఎక్కువగా వర్తించే అధ్యయనం ఒకటుంది. దాని పేరు స్మార్ట్. 33 దేశాల్లో 5,472 మంది అందులో చేరారు. అప్పటి ఏఆర్‌టీ మందులకు దుష్ప్రభావాలు ఎక్కువ. కొలెస్ట్రాల్ పెంచి గుండెను దెబ్బతీస్తాయన్న భయమూ ఉండేది. కాబట్టి సీడీ4 బాగున్నంత కాలం మందు ఆపి, పడిపోగానే తిరిగి మొదలుపెడితే శరీరానికి విశ్రాంతి దొరుకుతుందని పరిశోధకులు ఊహించారు. సగం మందికి అలా చేశారు, మిగతా సగానికి ఆపకుండా ఇచ్చారు.

ఫలితం ఊహకు తలకిందులైంది. మందు ఆపుతూ మొదలుపెడుతూ వచ్చిన వారిలో మరణాలు పెరిగాయి. గుండె, రక్తనాళాల ఘటనలు కూడా తగ్గకపోగా దాదాపు ఒకటిన్నర రెట్లకు పైగా పెరిగాయి. 2006 జనవరిలో ప్రయోగాన్ని మధ్యలోనే ఆపాల్సివచ్చింది. తర్వాత నిల్వ ఉంచిన రక్త నమూనాలు పరీక్షిస్తే, మందు ఆపిన నెల రోజులకే ఇన్‌ఫ్లమేషన్‌ను, రక్తం గడ్డకట్టే ధోరణిని సూచించే పదార్థాలు పెరిగినట్టు తేలింది.

నెల రోజులంటే ఎంత? దసరాకో పెళ్లికో ఊరెళ్లి, అక్కడ ఎవరికీ తెలియకూడదని మందు డబ్బా సూరత్‌లోనే వదిలేసి, పంట పని వల్లనో చావు వల్లనో తిరుగు ప్రయాణం వాయిదా పడితే సరిపోయేంత కాలం. లాక్‌డౌన్ లాంటిది వస్తే చెప్పనే అక్కర్లేదు. మధ్యలో మందు ఆపితే వైరస్ తిరగబెడుతుందని, మొండికేస్తుందని కౌన్సెలర్లు చెబుతారు. ఆ ఆగిన రోజుల దెబ్బ ధమనుల మీద కూడా పడుతుందని చెప్పేవారు తక్కువ.

దీనికి వ్యవస్థలో దారి ఉంది. సూరత్‌లో న్యూ సివిల్ హాస్పిటల్, స్మిమర్ ఆసుపత్రుల్లో ఏఆర్‌టీ కేంద్రాలున్నాయి. నిలకడగా ఉన్నవారికి మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చే వెసులుబాటు జాతీయ కార్యక్రమంలో ఉంది. ప్రయాణంలో ఉన్నవారు తమ చికిత్స పుస్తకం చూపించి మరో ఊరి కేంద్రంలో తాత్కాలికంగా మందు తీసుకోవచ్చు. శాశ్వతంగా ఊరు మారితే కేంద్రాన్నీ మార్పించుకోవచ్చు. వరంగల్‌లో నమోదైన మనిషి సూరత్‌లో మందు లేకుండా ఉండాల్సిన పని లేదు. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మందుల వంతు

కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత తొలి తరం ఏఆర్‌టీకి కొంతవరకు సరిపోతుంది. మన దేశంలో ఏళ్లపాటు వాడిన స్టావుడిన్ బుగ్గలు, కాళ్లు చిక్కిపోయేలా, పొట్ట పెరిగేలా చేసేది. పాత ప్రోటీజ్ ఇన్‌హిబిటర్లు కొవ్వులు పెంచేవి. అబాకవిర్ వాడుతున్నవారిలో గుండెపోట్లు ఎక్కువని డీఏడీ అనే అంతర్జాతీయ పరిశీలన 2008లో హెచ్చరించింది. దానిపై వాదోపవాదాలు జరిగినా, గుండె ముప్పు ఉన్నవారికి అబాకవిర్ వద్దనే మాటే నిలబడింది.

ప్రస్తుతం మొదటి వరసలో ఎక్కువమంది వాడుతున్నది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన రోజుకొక మాత్ర. కొవ్వుల విషయంలో ఇది పాతవాటికంటే చాలా నయం. దీనితో కొందరికి, ముఖ్యంగా స్త్రీలకు, బరువు పెరుగుతోంది. చిక్కి శల్యమవడాన్నే హెచ్‌ఐవీ గుర్తుగా భయపడ్డ సమాజంలో ఒళ్లు చేయడం ఆరోగ్యంగా కనిపిస్తుంది. నడుము చుట్టుకొలత, షుగరు చూసుకోవాలన్న ఆలోచన రాదు.

ఒక స్టాటిన్ మాత్ర కథ

2023 జులైలో రిప్రీవ్ అనే ప్రయోగ ఫలితాలు వచ్చాయి. ఈ రంగంలో ఇంత స్పష్టమైన సమాధానం అంతకుముందు రాలేదు. భారత్‌తో సహా 12 దేశాల్లో 7,769 మంది అందులో పాల్గొన్నారు. 40 నుంచి 75 ఏళ్ల వారు, ఏఆర్‌టీ క్రమంగా వాడుతున్నవారు, గుండెజబ్బు ముప్పు తక్కువ లేదా ఓ మోస్తరని లెక్కతేలినవారు. మామూలుగానైతే వీరిలో చాలామందికి ఏ వైద్యుడూ కొలెస్ట్రాల్ మందు రాయడు. సగం మందికి రోజూ 4 మిల్లీగ్రాముల పిటవాస్టాటిన్, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు.

అయిదేళ్ల తర్వాత చూస్తే గుండెపోటు, పక్షవాతం, గుండె కారణంగా మరణం వంటి పెద్ద ఘటనలు ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 136 మందికి, పిటవాస్టాటిన్ వాడినవారిలో 89 మందికి వచ్చాయి. అంటే 35 శాతం తగ్గుదల. మేలు తేటతెల్లం కావడంతో ప్రయోగాన్ని ముందే ముగించారు. నష్టాలూ ఉన్నాయి. కొత్తగా మధుమేహం వచ్చినవారు 4 శాతం నుంచి 5.3 శాతానికి పెరిగారు. కండరాల నొప్పులు కొంత ఎక్కువయ్యాయి. సుమారు వంద మంది అయిదేళ్లపాటు మాత్ర వేసుకుంటే ఒకరికి పెద్ద ఘటన తప్పుతుంది. షుగరు ఇంటింటి జబ్బైన మన దగ్గర ఈ లెక్కను వైద్యుడితో కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. అయినా తూకం మాత్ర వైపే మొగ్గుతుంది. 2024లో అమెరికా మార్గదర్శకాలు 40 దాటిన హెచ్‌ఐవీ రోగుల్లో ఓ మోస్తరు ముప్పు ఉన్నవారికి స్టాటిన్‌ను సిఫార్సు చేశాయి, ముప్పు తక్కువ ఉన్నవారికి సైతం అనుకూలంగా మాట్లాడాయి.

పిటవాస్టాటిన్‌నే ఎంచుకోవడానికి కారణం అది చాలా ఏఆర్‌టీ మందులతో గొడవపడదు. అన్ని స్టాటిన్లూ అలా కాదు.

ఇద్దరు డాక్టర్లు, ఒక రహస్యం

అసలు ప్రమాదం చాలాసార్లు ఇక్కడే. ఏఆర్‌టీ కేంద్రంలో వైరస్ సంగతి చూస్తారు. ఛాతీలో నొప్పి వస్తే రోగి వెళ్లేది వేరే డాక్టర్ దగ్గరకు. అక్కడ హెచ్‌ఐవీ మాట ఎత్తడు. ఎత్తితే బెడ్ ఇవ్వరేమో, భాష తెలియని ఊళ్లో నలుగురికీ తెలిసిపోతుందేమోనన్న భయం. ఆ భయానికి కారణాలు లేకపోలేదు.

రెండో వరస చికిత్సలో రిటోనవిర్ కలిసిన మందులు వాడుతుంటే దాచడం ప్రాణాంతకం కావచ్చు. సిమ్వాస్టాటిన్‌ను రిటోనవిర్‌తో కలపకూడదు. రక్తంలో దాని మోతాదు విపరీతంగా పెరిగి కండరాలు కరిగిపోయే ప్రమాదముంది. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ తక్కువ మోతాదులోనే ఇవ్వాలి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ ప్రభావం పెరుగుతుంది. స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే టికాగ్రెలార్ పనికిరాదు, క్లోపిడోగ్రెల్ పని మందగిస్తుంది. ఏ మందు ఎంచుకోవాలన్నది రోగి నోరు విప్పితేనే కార్డియాలజిస్టుకు తెలుస్తుంది.

డోలుటెగ్రావిర్ వాడేవారికి ఇంత చిక్కు లేదు. రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే దాని మోతాదును సాధారణంగా రోజుకు 1,000 మిల్లీగ్రాములకు మించనివ్వరు. రెండోది యాంటాసిడ్లు. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందులు డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. ఏఆర్‌టీ మాత్రను వాటికి రెండు గంటల ముందో ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. ఛాతీలో మంట వచ్చిన ప్రతిసారీ ‘గ్యాస్’ అనుకుని మెడికల్ షాపులో సిరప్ కొని తాగే మన అలవాటు ఇలా రెండు వైపులా చెరుపు చేస్తుంది. గుండెపోటును మరుగుపరుస్తుంది, వైరస్ మందును బలహీనపరుస్తుంది.

చట్టం రోగి పక్షానే ఉంది. 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో చికిత్స నిరాకరించడం, ఉద్యోగంలోంచి తీసేయడం, ఇల్లు ఖాళీ చేయించడం నేరుగా వివక్ష కిందికి వస్తాయి. అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదు. ఫిర్యాదుల కోసం రాష్ట్రాలు అంబుడ్స్‌మన్‌ను నియమించాలి. చట్టం కాగితం మీద ఉన్నంత బలంగా వార్డులో ఉండదన్నది నిజమే. అయినా పేరు చెప్పి నిలదీయడానికి ఒక ఆధారమైతే ఉంది.

బీపీ పట్టీ, పొగాకు

చేయగలిగినవాటిలో అన్నిటికంటే చవకైనది బీపీ చూడటం. జాతీయ చికిత్సా మార్గదర్శకాలు ఏఆర్‌టీ కేంద్రాల్లో రక్తపోటు, షుగరు వంటి జబ్బులకు పరీక్షలు చేయాలని చెబుతున్నాయి. రద్దీ కేంద్రాల్లో అది జరగకపోతే రోగే అడిగి చేయించుకోవాలి. 140/90 దాటితే మళ్లీ చూపించుకోవాలి, నిర్ధారణైతే మందు వాడాలి. పగలు, రాత్రి మారుతూ పన్నెండేసి గంటల షిఫ్టులు, చెవులు చిల్లులుపడే మగ్గాల హోరు మధ్య బతికేవారికి ఇది మరీ అవసరం. నిద్ర చెడటం, నిరంతర శబ్దం రెండూ రక్తపోటుతో ముడిపడినవే.

పొగాకు సంగతి ఇంకా తీవ్రం. డెన్మార్క్‌లో మంచి చికిత్స అందుతున్న హెచ్‌ఐవీ రోగుల మీద 2013లో వచ్చిన అధ్యయనం వారు హెచ్‌ఐవీ వల్ల కోల్పోతున్నది సుమారు 5 ఏళ్ల ఆయుష్షు అయితే, సిగరెట్ల వల్ల కోల్పోతున్నది 12 ఏళ్లకు పైగా అని లెక్కగట్టింది. బీడీ, గుట్కా, నిద్ర ఆపుకోవడానికి దవడన పెట్టుకునే జర్దా గుండెకు మేలు చేసేవి కావు. వైరస్ మందును రోజూ వేళకు వేసుకునే క్రమశిక్షణ ఉన్న మనిషి కూడా దీన్ని లెక్కలోకి తీసుకోడు, ఎందుకంటే అతనికెవరూ ఆ లెక్క చెప్పలేదు.

స్త్రీల మాట చాలాసార్లు వదిలేస్తారు. భర్త ద్వారా వైరస్ సోకి, భర్త పోయాక మందు వాడుతూ పిల్లల్ని పెంచిన స్త్రీలు తెలుగు జిల్లాల్లో ఎందరో ఉన్నారు. నెలసరి ఆగే వయసుకు వాళ్లిప్పుడు చేరుకుంటున్నారు, గుండెకు ఉన్న సహజ రక్షణ సడలేది అప్పుడే. వాళ్లలో గుండెపోటు ఛాతీ నొప్పిగా కాక ఆయాసంగా, వికారంగా, విపరీతమైన నీరసంగా కూడా రావచ్చు. ‘ఆ జబ్బు మనిషే కదా, నీరసం మామూలే’ అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తే విలువైన గంటలు పోతాయి.

ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి చెమటలు పట్టినా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, మాట తడబడి ఒక పక్క చెయ్యి పడిపోయినా ఏఆర్‌టీ కేంద్రం తెరిచేదాకా ఆగకూడదు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు 2007 నుంచి గుజరాత్‌లోనూ అదే నంబరు మీద నడుస్తోంది. బండి ఎక్కేటప్పుడు ఆధార్ కార్డుతోపాటు ఏఆర్‌టీ పుస్తకం కూడా వెంట ఉండాలి. అందులో రాసి ఉన్న మందుల పేర్లే రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు ఏ మాత్ర ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో తేల్చుకోవడానికి పనికొస్తాయి.